అత్తకు నీళ్ళు మార్చిన రోజులు

మొన్న బిలాస్‌పూర్ పక్కనున్న తిఫ్రా బజారులో మందుల కొట్టు ముందు నా రక్తపోటు మాత్రల కోసం నిలబడి ఉండగా, నడివయసు మనిషి ఒకాయన స్కూటరు వెనక సీటు మీద బరువైన అట్టపెట్టెను పెట్టి రబ్బరు తాడుతో కట్టుకుంటూ కనిపించాడు. పెట్టె పక్కన వేసిన బొమ్మ చూడగానే, అక్షరాలు చదవకుండానే, లోపల ఏమున్నదీ నాకు తెలిసిపోయింది. కొక్కేనికి తగిలించే సంచి, నేల మీద పరిచే ఖాళీ సంచి, రెంటినీ కలుపుతూ మెలికలు తిరిగిన గొట్టం. మూత్రపిండాలు చెడిన మనిషి ఎవరో వాళ్ళింట్లో ఉన్నారు, రోజూ పొట్టలో నీళ్ళు పోసి, నిలవ ఉంచి, తీసేస్తున్నారు అన్నమాట. తాడు మరీ బిగిస్తే మూల నలిగి సంచికి చిల్లు పడుతుందని చెబుదామని నోటిదాకా వచ్చింది గాని, ఆయన నావైపు ఒకసారి చూసి, ఎవరో ముసలావిడ అనుకుని చూపు తిప్పుకుని, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వచ్చి తాళం తీసి కుర్చీలో కూర్చున్నదాన్ని మధ్యాహ్నం దాకా లేవలేదు. బడి నుంచి రిటైరయ్యాను గనుక లేవమని అడిగేవాళ్ళు కూడా లేరు.

మా అత్త గురించి ఎవరికైనా చెప్పి చాలా ఏళ్ళయింది. అత్త అంటే మా నాన్నకు అక్క. ఆవిడ పుట్టింది నరసన్నపేట దగ్గర ఒక పల్లెలో, పెళ్ళై బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి వచ్చింది. మామయ్య రైలింజన్ల షెడ్డులో పనిచేసేవాడట. పిల్లలు కలగకుండానే ఆయన జ్వరం వచ్చి పోతే, రైల్వేవాళ్ళు ఆవిడకు ఆఫీసులో ప్యూను ఉద్యోగం ఇచ్చారు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు నడుస్తుండగా మా అమ్మ పోయింది. కట్నీ రైలు లైనులో డ్యూటీల మీద తిరిగే నాన్న నన్ను తెచ్చి అత్త క్వార్టరులో దింపి, ఆ తరువాత వేరే సంసారం పెట్టుకుని, బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. అలా అత్తకు నేను, నాకు అత్త మిగిలాం.

ఆ రోజుల్లో రైల్వే కాలనీలో ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా ఇది చదివితే వాళ్ళకు మా వరండా గుర్తుండే ఉంటుంది. ఇనుప వల బిగించిన జాలీ తలుపు, దాని పక్కన జామచెట్టు, చెట్టు కింద ఒక నులకమంచం. అత్త ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి ఆ మంచం మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. పలాస వాళ్ళు, బొబ్బిలి వాళ్ళు, టెక్కలి వాళ్ళు, అప్పుడప్పుడు మా పక్కనున్న కోటా నుంచి సంతకు వచ్చే ఛత్తీస్‌గఢీ కూరగాయల ఆవిడ. ఏ టేబులు దగ్గర ఏ కబురు పుట్టిందో, ఎవరికి ఏ ఊరు బదిలీ అయ్యిందో, ఫైళ్ళూ మంచినీళ్ళూ మోస్తూ రోజంతా విన్న సంగతులన్నీ అత్త చేతులు తిప్పుకుంటూ చెబుతుంటే వాళ్ళు టీలు చల్లారబెట్టుకుని వినేవారు. నేను వెనక గదిలో పుస్తకం ముందు పెట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ ఇంట్లో నేను మాట్లాడవలసిన అవసరమే రాలేదు. నా వంతు కూడా అత్తే మాట్లాడేది. నా ఇప్పటి ఇంట్లో ఉన్నంత నిశ్శబ్దం కావాలని దేవుణ్ణి అడిగిన రోజులున్నాయంటే ఇప్పుడు నమ్మడం నాకే కష్టంగా ఉంటుంది.

నేను ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదివి, చాలాకాలం చిన్నాచితకా చోట్ల పాఠాలు చెప్పి, చివరికి ఒక మంచి బడిలో జీవశాస్త్రం టీచరుగా చేరిన ఏడాదే అత్త పాదాలు వాయడం మొదలైంది. రోజంతా నిలబడే ఉద్యోగం గదా అని మేమిద్దరం పట్టించుకోలేదు. తరువాత మొహం ఉబ్బింది. అన్నం వాసన చూస్తే వికారం అనేది. అందరికంటే ముందు పక్క క్వార్టరులో ఉండే చిన్నమ్మ గుర్తుపట్టింది. చిన్నమ్మ మాకు చుట్టం కాదు, టెక్కలి నుంచి వచ్చినావిడ, కాలనీలో అందరం అలా పిలిచేవాళ్ళం. మీ అత్త కబుర్లు చెప్పడం తగ్గిందే, ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్ళమ్మా అని ఆవిడే నాతో అంది. పరీక్షలయ్యాక తెలిసింది, ఎప్పటినుంచో పట్టించుకోని రక్తపోటు రెండు మూత్రపిండాలనూ తినేసిందని.

మమ్మల్ని నాగపూర్ పంపించారు. అక్కడి డాక్టరు గారు పెద్దవారు, నెమ్మదైన మనిషి. వారానికి కొన్నిసార్లు ఊరు దాటి వెళ్ళి మరమీద రక్తం శుభ్రం చేయించుకోవడం ఒక దారి, ఇంట్లోనే రోజుకు నాలుగుసార్లు పొట్టలోకి మందునీళ్ళు పోసి తీసేయడం ఇంకో దారి అని చెప్పారు. పేగులను కప్పి ఉండే పలచని పొర ఒకటి అందరి పొట్టలోనూ ఉంటుంది. దానికి ఒకవైపు సన్నని రక్తనాళాలుంటాయి, రెండోవైపు మనం పోసిన నీళ్ళుంటాయి. రక్తంలో పేరుకున్న చెడుగంతా ఎక్కువగా ఉన్న చోటి నుంచి లేని చోటికి, అంటే నీళ్ళలోకి, ఆ పొర గుండా తనంత తానే దిగుతుంది. ఆ నీళ్ళలో పంచదారలాంటి గ్లూకోజు కలిపి ఉంటుంది గనుక ఒంట్లో నిలిచిపోయిన అదనపు నీటిని కూడా అది లాగుతుంది. రక్తకణాల వంటి పెద్దవి దాటలేవు. ఇదంతా చెబుతూ ఆయన నావైపు చూసి, జీవశాస్త్రం టీచరు గదా, మీకు కొత్తేముంది అని నవ్వారు. నిజమే, కొత్తేమీ లేదు. విసరణ, ద్రవాభిసరణ అని తెలుగులో చదువుకుని, పరాసరణ్ అని హిందీలో పిల్లలచేత వల్లె వేయిస్తున్నదాన్ని. అయినా పాఠంలోని పొర బోర్డు మీద సుద్దగీత, ఈ పొర మా అత్తది.

మేము రెండో దారే ఎంచుకున్నాం, అత్త పొట్టకు సన్నని గొట్టం ఒకటి అమర్చి పంపారు. తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుని అత్త అడిగింది. "మరయితే ఒలే, ఆ నీళ్ళు నా వొంట్లో నీళ్ళనెలగ ఈడుస్తాయే?"

మాగాయి ముక్కలకు ఉప్పు రాసి ఉంచితే తెల్లారేసరికి ఊట దిగుతుంది గదా, ఇదీ అంతే, కాకపోతే ఉప్పు బదులు గ్లూకోజు అని చెప్పాను.

అత్త, "అచ్ఛా, అయితే నా పొట్టలో పెట్టీది మాగాయి కాదు, పంచదారలో ఊరేసిన మురబ్బా అన్నమాట" అని ఎదుటి బెర్తు మీద కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్ళకు కూడా ఆ సంగతంతా హిందీలో వివరించి నవ్వించి, తనూ నవ్వింది. అత్త నలుగురి మధ్య అంత గట్టిగా నవ్వడం ఆ తరువాత చాలా రోజులు నేను చూడలేదు.

ఇంటికి వచ్చాక వెనక గదిని ఆ పనికి కేటాయించాం. గోడలకు సున్నం వేయించాం, కిటికీ పైన కొక్కెం దిగ్గొట్టించాం. నీళ్ళు మార్చేటప్పుడు కిటికీలు మూయాలి, ఫ్యాను ఆపాలి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోవాలి, ఇద్దరం ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. గొట్టం కొస దేనికీ తగలకూడదు, కనబడని క్రిమి ఒక్కటి లోపలికి పోయినా పొర చీము పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. బిలాస్‌పూర్ ఎండాకాలం తెలిసినవాళ్ళకు, ఫ్యాను లేని మూసిన గదిలో అరగంటకు పైగా కూర్చోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ముందు లోపలి నీళ్ళు కింది సంచిలోకి దిగేవి, పాలు కలపని లేత టీ రంగులో. తరువాత పై సంచిలోని తేటనీళ్ళు లోపలికి వెళ్ళేవి. కూరగాయల వాళ్ళ దగ్గరుండే స్ప్రింగు కాటా ఒకటి కొని, బయటికి వచ్చిన సంచిని దానికి తగిలించి, పోసినదానికంటే ఎక్కువ తూగితే హమ్మయ్య అనుకునేవాళ్ళం. ఆ ఎక్కువే అత్త ఒంట్లోంచి దిగిన నీరు.

గుడ్డ కట్టుకున్నా మాట్లాడకూడదని నర్సు చెప్పి పంపింది. అత్తకు ఇంజక్షన్లకంటే, నీళ్ళతోపాటు ఒంట్లోని మాంసకృత్తులు పోతాయని శనివారాలు కూడా గుడ్డు తినమనడంకంటే, అదే పెద్ద శిక్షయింది. మొదటి వారాల్లో కళ్ళతోనే ఏదో ఒకటి అడిగేది, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. తరువాత కళ్ళు కూడా మూసుకునేది. నీళ్ళు దిగుతున్న చప్పుడు, దూరంగా యార్డులో బోగీలు తగులుకునే చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. చిన్నప్పటి నుంచీ నేను కోరుకున్న నిశ్శబ్దం అలా దొరికింది. అది ఒకరి నోరు కట్టేస్తే వచ్చినది గనుక దాన్ని నేను భరించలేకపోయేదాన్ని.

నీళ్ళు మార్చే వేళలు తప్ప మిగతా సమయంలో ఎవరు వచ్చినా ఫరవాలేదు. డాక్టరు గారు ఆ మాట స్పష్టంగానే చెప్పారు. కానీ కాలనీలో మూసిన కిటికీలే అందరికీ కనిపించాయి. అంటుకునే జబ్బేమోనని ఒకరు, మనం వెళితే ఆవిడకు ప్రమాదమని ఇంకొకరు, ఎవరికి తోచిన కారణంతో వాళ్ళు రావడం తగ్గించారు. చెడ్డవాళ్ళు కారు. గుమ్మం దాకా వచ్చి, జాలీ అవతలే నిలబడి, అక్కను పిలిచినట్టు, ఎలా ఉందప్పా అని అడిగి, పండ్లు కింద పెట్టి వెళ్ళేవారు. చిన్నమ్మ కూడా గోడ మీంచి గిన్నె అందించి వెళ్ళిపోయేది, లోపలికి వచ్చేది కాదు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న అత్త సాయంత్రం అయ్యేసరికి తలకు నూనె రాసి దువ్వుకుని, గొట్టం కనబడకుండా చీర వదులుగా కట్టుకుని, నులకమంచం మీద కూర్చునేది. ఎదుటి రోడ్డు మీద డ్యూటీ దిగి సైకిళ్ళ మీద పోయేవాళ్ళు చెయ్యి ఊపేవారు. ఆవిడా ఊపేది. చీకటి పడ్డాక లోపలికి వచ్చి, "ఈయేళ ఎవులూ రానేదే" అనేది, అది ఒక కొత్త సంగతి అయినట్టు.

నేను బడి నుంచి పరుగు పరుగున వచ్చి మధ్యాహ్నం నీళ్ళు మార్చి మళ్ళీ పరుగెత్తేదాన్ని. ఆ ఏడు తొమ్మిదో తరగతికి కణం పాఠం చెబుతూ బోర్డు మీద గుండ్రంగా గీత గీసి, ఝిల్లీ అంటే గోడ కాదు, కొన్నిటిని రానిచ్చి కొన్నిటిని రానివ్వని పలచని పొర అని అన్నాను. ప్రతి కణం చుట్టూ ఆ పొర ఉండబట్టే లోపలిది లోపల, బయటిది బయట ఉన్నాయని, అది పూర్తిగా మూసుకుపోతే కణం బతకదని చెప్పవలసిన చోట సుద్దముక్క కింద పెట్టేశాను. పిల్లలు తలలెత్తి చూశారు. దగ్గు వచ్చినట్టు నటించి మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఇలా ఏడాది గడిచాక నాకొక పెద్ద చిక్కు వచ్చిపడింది. ఉద్యోగం ఖాయం కావాలంటే వేసవిలో జబల్‌పూర్‌లో కొన్ని వారాల శిక్షణకు వెళ్ళి తీరాలన్నారు. వెళ్ళకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. నేను వెళ్ళనని ముందే నిశ్చయించుకుని, ఆ మాట అత్తకు చెప్పకుండా దాచాను. కానీ కాలనీలో దాగే కబురు ఉంటుందా, ఎవరో జాలీ అవతల నిలబడి చెప్పేశారు. ఆ సాయంత్రం మేమిద్దరం పోట్లాడుకున్నాం. మా జీవితంలో అదే మొదటిది.

"నాను సేసుకుంటాను, నువ్వెల్లు" అంది అత్త.

నీకు కళ్ళు సరిగా ఆనవు, గొట్టం కొస ఎక్కడైనా తగిలితే ఏం కావాలి అన్నాను.

"కళ్ళు ఆనవు గాని సేతులున్నాయి కదే. ఏడాది నుంచి సూస్తన్నాను, మాట్లాడకుండా. మాట్లాడకపోతే మనిషి ఏటి సేస్తాదనుకున్నావు? సూస్తాది."

నేను ఏడ్చాను. అత్త ఏడవలేదు. లేచి వెళ్ళి పెరటి గోడ దగ్గర నిలబడి, ఏడాదిగా తను ఎవరినీ పిలవని గొంతుతో చిన్నమ్మను పిలిచింది. చిన్నమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది, ఏదో అయిపోయిందనుకుని. నాకు నీ కళ్ళు కావాలే, కొన్ని వారాలు అరువియ్యి అని అత్త అంటే, ఆవిడ రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"నాకు బయమేస్తాదప్పా. నాను సదువుకోనేదు, ఏటైనా అయితే?"

"సదువెందుకే? నువ్వు సూడ్డమే, సేసీది నాను. మాగాయి ఊట సూసినావు కావా ఎప్పుడూ? ఇదీ అంతే."

చిన్నమ్మ వచ్చింది. మూడు నాలుగు రోజులు నేను పక్కనుండగా అత్త తన చేతులతో తనే చేసుకుంది, చిన్నమ్మ మొహానికి గుడ్డ కట్టుకుని ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూసింది. బయటికి వచ్చిన నీళ్ళు తేటగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి సంచి వెనక అచ్చుకాగితం పెట్టి, అక్షరాలు కనబడుతున్నాయా అని చూడమని నర్సు నేర్పింది. చిన్నమ్మకు అక్షరాలు రావు. అందుకని ఆవిడ గోడ మీది క్యాలెండరు తీసి, సంచి వెనక పట్టుకుని, అందులో అమ్మవారి ముక్కుపుడక కనబడితే తేట అని తనే ఒక లెక్క పెట్టుకుంది. నేను గుండె రాయి చేసుకుని జబల్‌పూర్ బండి ఎక్కాను.

అక్కడ ఎలా గడిపానో చెప్పలేను. వారానికోసారి అత్త ఆఫీసు ఫోనుకు చేసి ఆవిడతో మాట్లాడేదాన్ని. అంతా బాగుంది, నువ్వు బాగా సదువుకో అనేది. తిరిగివచ్చిన రోజు ఉదయం, రిక్షా దిగి వరండా ఎక్కేసరికి వెనక గది తలుపు మూసి ఉంది, లోపలి నుంచి ఏదో అణిచిపెట్టిన నవ్వు వినిపించింది. తలుపు కొద్దిగా తోశాను. అత్త మంచం మీద, చిన్నమ్మ స్టూలు మీద, ఇద్దరి మొహాలకూ గుడ్డలు, ఇద్దరూ మాట్లాడకుండా కళ్ళతోనే ఏదో కబురు చెప్పుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుకుంటున్నారు. అత్త నన్ను చూసింది. ఆవిడ మొహం విప్పారింది, వెంటనే చెయ్యెత్తి ఆగమని సైగ చేసింది. ప్రయాణపు దుమ్ముతో లోపలికి రాకూడదు గదా. చిన్నమ్మ లేచి వచ్చి తలుపు మెల్లగా మూసింది.

నేను వరండాలో పెట్టె మీద కూర్చుని, నీళ్ళు మార్చడం పూర్తయ్యేదాకా ఎదురుచూశాను. సంతోషించాల్సిన సమయమే. సంతోషించాను కూడా. కానీ ఏడాదిపాటు నా చేతుల్లో ఉన్న ప్రాణం నేను లేకుండా కూడా చక్కగా సాగుతున్నదని తెలిసినప్పుడు మనిషికి ఎక్కడో ఒకచోట ఖాళీగా అనిపిస్తుంది. జాలీ అవతల నిలబడినవాళ్ళకు ఎలా ఉండేదో ఆ అరగంటలో నాకు కొంచెం తెలిసింది.

అసలు సంగతి మర్నాడు బయటపడింది. నేను జబల్‌పూర్‌లో ఉండగా ఒక ఉదయం సంచి వెనక అమ్మవారి ముక్కుపుడక చిన్నమ్మకు కనబడలేదట. దగ్గరగా పెట్టి చూసింది, కిటికీ వెలుతురులో పెట్టి చూసింది, కలిపిన గంజిలా మసకగా ఉందట. అత్త రేపు చూద్దాం లెమ్మంటే, చిన్నమ్మ వినకుండా, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, "రేపేటప్పా, రేపు? నెగు!" అని చెయ్యి పట్టుకుని లేపి, ఆ సంచితో సహా రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పొర చీము పట్టడం అప్పుడే మొదలైందట. కాస్త ఆలస్యమైతే మాట వేరేగా ఉండేదని డాక్టరు అన్నారట. కొన్ని రోజులు మందు సంచిలోనే కలిపి పోశారు, తగ్గిపోయింది. ఆ వారం నాతో ఫోనులో అంతా బాగుందన్న మాట, ఆసుపత్రి మంచం నుంచి లేచి వచ్చి చెప్పినదేనట. నేను చిన్నమ్మ చేతులు పట్టుకున్నాను. ఆవిడ సిగ్గుపడి, "నానేటి సేసినానమ్మా, సూసినాను అంతే" అంది.

రిక్షాలో అంటుకునే జబ్బు అనుకున్న మనిషి పక్కన అంటుకుని కూర్చున్న చిన్నమ్మకు ఏమీ కాలేదని అందరూ చూశారు గనుకనేమో, మెల్లగా జనం మళ్ళీ రావడం మొదలుపెట్టారు. నులకమంచం నిండింది. అత్త తేలిక డ్యూటీ మీద ఆఫీసుకు కూడా వెళ్ళింది, చేతులకు అలవాటైపోయింది గనుక మధ్యాహ్నపు సంచి అక్కడి చిన్న గదిలో తనే మార్చుకునేది. నా ఉద్యోగం ఖాయమైంది. అవి మంచి ఏళ్ళు. నేను చెవుల్లో దూది పెట్టుకోవడం మానేశాను.

అయితే పొరకు కూడా ఒక ఓపిక ఉంటుంది. ఏళ్ళ తరబడి గ్లూకోజు నీళ్ళలో నాని నాని అది మారిపోతుంది. గ్లూకోజును మరీ తొందరగా రక్తంలోకి రానిచ్చేస్తుంది, అప్పుడు నీటిని లాగడానికి ఇటువైపు ఏమీ మిగలదు. కాటా మీద సంచి తూకం పోసినంతే ఉండసాగింది, తరువాత అంతకంటే తగ్గింది. అత్త కాళ్ళు మళ్ళీ వాచాయి. నాగపూర్ డాక్టరు గారు ఈ సంగతి వివరిస్తే అత్త శ్రద్ధగా విని, "పొర కూడా అలిసిపోతాదేటి, పాపం" అంది, తన గురించి కాక ఇంకెవరి గురించో మాట్లాడుతున్నట్టు.

ఇక మర తప్పలేదు. రాయ్‌పూర్‌లో వారానికి కొన్నిసార్లు. నేను దిగులుపడ్డాను గాని, అత్తకు ఆ వార్డు నచ్చింది. వరుసగా మంచాలు, మంచానికొక మనిషి, గంటల తరబడి ఎవరూ లేచి వెళ్ళడానికి లేదు, నోటికి గుడ్డ అక్కరలేదు. సీపత్ నుంచి వచ్చే ఒక కాంట్రాక్టరు, దుర్గ్ నుంచి వచ్చే ఒక బడిపంతులు భార్య, అందరికీ అత్త హిందీలో మా కాలనీ కబుర్లన్నీ చెప్పింది. వాళ్ళకు మా చిన్నమ్మ ముక్కుపుడక కథ కంఠతా వచ్చేసింది. ఒక చలికాలపు ఉదయం రాయ్‌పూర్ బండికి తయారవుతూ, తల దువ్వుకుంటూ, దువ్వెన చేతిలో ఉండగానే అత్త గుండె ఆగిపోయింది. నేను వంటింట్లో టీ పోస్తున్నాను. మాట మధ్యలో ఆగింది గనుక తెలిసింది.

తరువాత జరిగినవన్నీ అందరి ఇళ్ళలో జరిగేవే. క్వార్టరు ఖాళీ చేశాను. చిన్నమ్మ కొన్నాళ్ళు కోటాలో కూతురి దగ్గర ఉండి అక్కడే కన్నుమూసిందని ఎవరో చెప్పగా విన్నాను, కడసారి చూపుకు అందలేదు. పెళ్ళి మాట అప్పుడప్పుడు వచ్చింది, దానంతట అదే వెళ్ళింది. తిఫ్రాలో ఈ ఇల్లు కొనుక్కున్నాను.

ఒకటి మాత్రం చెప్పాలి. అత్త పోయిన మరుసటి ఏడు కొత్త జీవశాస్త్రం పుస్తకాలు వచ్చాయి. స్టాఫ్ రూములో కూర్చుని కణం పాఠం తిరగేస్తుంటే అందులో కొత్తగా ఒక పేరా కనిపించింది. కణపు పొరలో నీటి కోసమే ప్రత్యేకంగా సన్నని దారులున్నాయట, వాటి గుండా నీరు ఒక్కటే వెళ్ళగలదట, ఉప్పు కూడా దూరలేదట. ఇన్నేళ్ళూ నీరు ఊరికే పొరలోంచి ఇంకి దాటుతుందని పిల్లలకు చెబుతూ వచ్చాను. అత్త పొట్టలో నీళ్ళు మార్చిన ఆ రోజులన్నిటా ఆ చిన్న దారులు తెరుచుకునే ఉన్నాయి, మా ఇద్దరికీ తెలియదు. గంట కొట్టగానే సంచి భుజాన వేసుకుని గబగబా బయలుదేరాను, ఈ మాట ఇంటికి వెళ్ళి చెప్పాలని. గేటు దాటి, సైకిలు స్టాండు దాకా వచ్చాక గాని గుర్తురాలేదు, చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరని. చెబితే తప్పకుండా, "మరి ఉప్పుకెందుకు తలుపు తీయవే?" అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు కూడా ఆ పేరాలోనే ఉంది.

ఇప్పుడు పిల్లలు ఫోనులో ఆ దారులు కదిలే బొమ్మలతో చూస్తున్నారు, నేను చెప్పినదానికంటే బాగానే అర్థమవుతుంది వాళ్ళకు. కాలనీలో పాత క్వార్టర్లు చాలావాటిని పడగొట్టి మేడలు కట్టారు. మా కాలనీ తెలుగు కుటుంబాల మనవలు నన్ను చూస్తే ఆంటీ నమస్తే అని, మిగతాది హిందీలో మాట్లాడతారు, మర్యాదస్థులే. నా ఇంటికి కిటికీలు పెద్దవి, ఫ్యాను రోజంతా తిరుగుతుంది, ఎవరు వచ్చినా ఏ ప్రమాదమూ లేదు. ఎవరూ రాని రోజుల్లో పొద్దుపోయేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది గనుక, వంట చేసుకుంటూ ఒక్కోసారి పైకే అనుకుంటాను, "ఏటే, తిన్నావా?" అని. ఆ యాసలో అడిగేవాళ్ళు ఈ ఊళ్ళో నాకు ఇంకెవరూ లేరు. తినబోతున్నానత్తా అని నేనే జవాబు చెప్పుకుని, కంచం పెట్టుకుంటాను.